ఎగుమతులు 2.8 శాతమే తగ్గితే జూరా కొండల్లో లేత్‌లు ఎందుకు ఆగాయి?

కొలబద్ద:

స్విస్ వాచీల ఎగుమతి లెక్కలకీ, ఆ వాచీలు తయారయ్యే కొండ ఊళ్ల నుంచి వచ్చే వార్తలకీ పొంతన కుదరట్లేదు. 2023లో ఎగుమతులు 2,670 కోట్ల ఫ్రాంకులు, అప్పటిదాకా అంత ఎప్పుడూ లేదు. 2024లో దాదాపు 2,600 కోట్లు. అంటే తగ్గింది 2.8 శాతం. మామూలుగా అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ నూషాటెల్ కాంటన్‌లో (కాంటన్ అంటే స్విట్జర్లాండ్‌లో రాష్ట్రం లాంటిది) లా షో-ద్-ఫాన్, లె లోక్ల్, బెర్న్ కాంటన్‌లో సెంటిమియే, ఆ పక్కన జూరా కాంటన్, ఎక్కడ చూసినా విడిభాగాల వర్క్‌షాపులు పని గంటలు కోసేస్తున్నాయి.

అడగాలనుకున్నవి మూడు. పైన అంత చిన్న తగ్గుదల కింద ఇంత పెద్ద దెబ్బ ఎలా అవుతోంది? పని గంటలు తగ్గిస్తే ప్రభుత్వం ఇచ్చే పరిహారం పాతిక మంది ఉన్న వర్క్‌షాపుకి నిజంగా అక్కరకొస్తుందా, దాని నిబంధనలేంటి? అక్కడి సబ్‌కాంట్రాక్టరుకి ఆర్డరు ఇవ్వాలన్నా, వాటా కొనాలన్నా ఏం చూసుకోవాలి? పెద్ద బ్రాండ్ల సంగతి కాదు. వాటికి ఇరుసులూ మరలూ పళ్లచక్రాలూ చేసిచ్చే వాళ్ల సంగతే కావాలి.

లెక్కలపిచ్చి:

కొలబద్ద గారూ, మీరు విలువ చూస్తున్నారు. లేత్‌కి విలువతో పని లేదు, ఎన్ని ముక్కలన్నదే దానికి లెక్క. 2023లో బయటికెళ్లిన వాచీలు 1.69 కోట్లు, 2024లో 1.53 కోట్లు. అంటే 9 శాతం పైనే పడిపోయింది. ఇంకాస్త వెనక్కి వెళ్తే 2011లో దాదాపు 3 కోట్లు. పదమూడేళ్లలో ముక్కల సంఖ్య సగానికి వచ్చి, డబ్బు మాత్రం పెరిగింది. ఎగుమతి విలువలో నాలుగింట మూడు వంతులు 3,000 ఫ్రాంకుల పైన ధర ఉన్న వాచీలదే కాబట్టి పై లెక్క పచ్చగానే కనిపిస్తుంది. పైగా 2.8 అనేది సగటు. ఆ ఏడాది చైనాకి వెళ్లే సరుకు పాతిక శాతానికి పైగా, హాంకాంగ్‌కి వెళ్లేది 18 శాతానికి పైగా పడిపోయింది. అమెరికా పెరగడంతో ఆ గుంత కనపడలేదు.

అసలు దెబ్బ మాత్రం స్టాకు దగ్గర ఉంది. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేస్తాను, కాగితం మీద మీరూ వేసి చూడండి.

ఏడాదికి 10,000 వాచీలు అమ్ముడయ్యే మోడల్ అనుకుందాం. దుకాణాల దగ్గర 6 నెలల స్టాకు, అంటే 5,000. అమ్మకాలు 5 శాతం తగ్గి 9,500 అయ్యాయి. దుకాణదారుడు భయపడి స్టాకుని 5 నెలలకి కుదించాడు. ఇప్పుడతనికి కావాల్సింది 3,958, చేతిలో 1,042 మిగులు. కాబట్టి బ్రాండుకి ఇచ్చే ఆర్డరు 9,500 కాదు, 8,458. 15 శాతం కోత.

బ్రాండు దగ్గర 4 నెలల మూవ్‌మెంట్లు (వాచీని లోపల నడిపే యంత్రాలు) ఉన్నాయి, 3,333. అదీ 3 నెలలకి దించుకుంటుంది. 8,458 లెక్కన 3 నెలలకి 2,114 చాలు, 1,219 మిగులు. మూవ్‌మెంట్ బిగించే కంపెనీకి వెళ్లే ఆర్డరు 7,239. 28 శాతం కోత. ఆ కంపెనీ దగ్గర 3 నెలల విడిభాగాలు, 2,500. రెండు నెలలకి తగ్గిస్తే 1,206 చాలు. చివర ఇరుసులు చేసేవాడికి చేరే ఆర్డరు 5,945.

దుకాణంలో 5 శాతం, ఇరుసు దగ్గర 40 శాతం. మధ్యలో ఎవరూ తప్పు చేయలేదు, తలా ఒక నెల స్టాకు తగ్గించుకున్నారంతే.

పుంజుకునేటప్పుడు ఇదే తిరగబడుతుంది, అందరూ ఒక్కసారే స్టాకు నింపుకుంటారు. 2021 నుంచి 2023 దాకా జరిగింది అదే. ఆ ఊపులో కొన్న మిషన్ల వాయిదాలే ఇప్పుడు మెడకి చుట్టుకున్నాయి.

ఇరుసుమొన:

లెక్క సరిగ్గా ఉంది. ఒక్కటే చేర్చాలి. ఆర్డరు 40 శాతం తగ్గితే ఖర్చు 40 శాతం తగ్గదు. ఎందుకో ఒక పళ్ల ఇరుసు తయారీ చూస్తే తెలుస్తుంది.

మూడు మీటర్ల కడ్డీ. ఎక్కువగా 20ఏపీ అనే ఉక్కు, కోత సులువుగా ఉండటానికి అందులో కాస్త సీసం కలిపి ఉంటుంది. ముటియే ఊరికి పేరు తెచ్చిన స్లైడింగ్ హెడ్‌స్టాక్ లేత్ మీద కడ్డీని ముందుకి తోస్తూ ఇరుసు ఆకారం తీస్తారు. తర్వాత హాబ్ అనే తిరిగే కోత పనిముట్టుతో పళ్లు కోస్తారు. కోతలో అంచుల వెంట మిగిలిన బర్ర తీస్తారు. వేడిచేసి నూనెలో ముంచి గట్టిపరుస్తారు, మళ్లీ తక్కువ వేడి మీద పెళుసుదనం తగ్గిస్తారు. పళ్లకి పాలిష్. ఆఖరున రెండు కొనలనీ గట్టి కార్బైడ్ చక్రం కింద దొర్లిస్తారు. అప్పుడు పైపొర నొక్కుకుని గట్టిపడుతుంది, కొలత కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గి సరైన చోట ఆగుతుంది. బ్యాలెన్స్ (వాచీ వేగాన్ని నిలిపే ఊగే చక్రం) ఇరుసు కొన దాదాపు 0.1 మిల్లీమీటరు, తలవెంట్రుక కన్నా కాస్తే లావు. అక్కడ రెండు మూడు మైక్రాన్లు అటూ ఇటూ అయితే వాచీ నిలబెట్టినప్పుడు ఒక వేగం, పడుకోబెట్టినప్పుడు ఇంకో వేగం.

తప్పులు ఎక్కువగా నూనెలో ముంచే దగ్గరే. సన్నటి ఇరుసు వంగుతుంది. తర్వాతి వేడి చాలకపోతే మూవ్‌మెంట్ బిగించేటప్పుడు కొన పుటుక్కున విరుగుతుంది, ఆ సంగతి ఇరుసు చేసినవాడికి నెల తర్వాత గానీ తెలియదు.

ఇక ఖర్చు. లేత్‌ని ఒక రకం ముక్క నుంచి ఇంకో రకానికి మార్చి, కొలతలు కుదిరేదాకా సర్దడానికి 8 గంటలు, గంటకి 100 ఫ్రాంకులు అనుకుందాం. 800 ఫ్రాంకులు. 20,000 ముక్కల మీద అది ముక్కకి 4 సెంటీములు (సెంటీము అంటే ఫ్రాంకులో వందో వంతు). ఆర్డరు 4,000కి దిగితే 20 సెంటీములు. ముక్క ధర అరవై డెబ్బై సెంటీములుండే చోట ఇది చిన్న విషయం కాదు. బ్రాండు కొనుగోలుదారు మాత్రం పాత ధరకే, చిన్న చిన్న విడతల్లో పంపమంటాడు.

ఇంకో సంగతి. పైన చెప్పిన పనులన్నీ ఒకే కప్పు కింద జరగవు. పళ్లు కోసేది ఒకరు, వేడి పని ఒకరు, పాలిష్ ఒకరు. ఈ ప్రాంతపు పాత పద్ధతే అది. ఊరంతా కలిసి ఒక ఫ్యాక్టరీ అని లా షో-ద్-ఫాన్ గురించి మార్క్స్ రాసింది ఉత్తినే కాదు. 1794 అగ్నిప్రమాదం తర్వాత గళ్ల నుడికట్టులా మళ్లీ కట్టిన ఆ వీధుల్లో వెలుతురు పని బల్ల మీద పడేలా ఇళ్లు వరసలు తీరి ఉంటాయి. 2009లో లె లోక్ల్‌తో కలిపి యునెస్కో జాబితాకెక్కింది కూడా ఆ ప్లానుతోనే. అయితే ఈ గొలుసులో పాలిష్ చేసే ఎనిమిది మంది షాపు మూతబడితే మిగతా అందరూ ఆగుతారు. కొత్తవాడి నుంచి నమూనా ముక్కలు తెప్పించి, కొలిచి, మూవ్‌మెంట్లో పెట్టి నడిపించి ఒప్పుకునేసరికి నెలలు పడుతుంది.

ఇవి చాలవన్నట్టు బ్రాండ్లు సొంతంగా చేసుకోవడం పెరిగింది. స్వాచ్ గ్రూప్‌కి చెందిన ఈటీఏ బయటివాళ్లకి ఇచ్చే మూవ్‌మెంట్లు 2019 ఆఖరు దాకా మెట్టుమెట్టుగా తగ్గించుకోవచ్చని 2013లో స్విస్ పోటీ కమిషన్ ఒప్పుకుంది. కొందరు లా షో-ద్-ఫాన్‌లోని సెలిటా వైపు మళ్లారు. దాని ఎస్‌డబ్ల్యూ200, ఈటీఏ 2824కి కవల లాంటిదే, అదే 25.6 మిల్లీమీటర్ల వ్యాసం, 4.6 మందం. డబ్బున్న బ్రాండ్లు సొంత ఫ్యాక్టరీలు కట్టాయి. గిరాకీ పడిపోయినప్పుడు సొంత మిషన్‌కి ముందు మేత వేసి, మిగిలితేనే బయటికి ఇస్తారు. లెక్కలపిచ్చి గారి 40 శాతంలో ఇది లేదు.

నిబంధనరావు:

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. అక్కడ దాన్ని ఆర్‌హెచ్‌టీ అంటారు, పని గంటల తగ్గింపు. వాడుకలో పాక్షిక నిరుద్యోగం. అక్కరకొస్తుంది, కానీ ఉచితం కాదు.

పని తగ్గించబోయే తేదీకి 10 రోజుల ముందు కాంటన్ కార్యాలయానికి నోటీసు ఇవ్వాలి. అనుమతి 3 నెలలకి ఇస్తారు, మళ్లీ కావాలంటే మళ్లీ నోటీసు. ఆ నెలలో కోల్పోయిన గంటలు మొత్తం గంటల్లో కనీసం 10 శాతం ఉండాలి. కోల్పోయిన జీతంలో 80 శాతం నిరుద్యోగ నిధి ఇస్తుంది, నెల జీతం 12,350 ఫ్రాంకుల వరకే లెక్కలోకి తీసుకుని. ముందు కంపెనీ ఉద్యోగికి చెల్లించి, తర్వాత 3 నెలల్లోపు నిధికి బిల్లు పెట్టాలి. గడువు దాటితే ఆ నెల పోయినట్టే. అంటే ఆ డబ్బు వచ్చేదాకా చేతిలో నగదు ఉండాలి, దీన్నే చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ప్రతి నెలా మొదటి కొంత భాగం కంపెనీ నెత్తినే. పెన్షన్ ఫండు చందాలు మామూలు జీతం మీదే కట్టాలి.

ఎక్కడ తేడా కొడుతుందంటే, ఒక్కో ఉద్యోగికి రోజువారీ గంటల రికార్డు ఉండాలి. ఏళ్ల తర్వాత తనిఖీకి వస్తారు. కార్డు పంచ్ లేకుండా నెలాఖరున ఎక్సెల్‌లో నింపిన గంటలు చూపిస్తే ఇచ్చిందంతా వెనక్కి కట్టమంటారు. అంతకు ముందు నెలల్లో చేసిన ఓవర్‌టైమ్‌ని కోల్పోయిన గంటల్లోంచి తీసేస్తారు. ఉద్యోగి ఒప్పుకోవాలి, ఒప్పుకోని వాడికి పూర్తి జీతం ఇవ్వాల్సిందే. అప్రెంటిస్‌లకి, నోటీసు ఇచ్చి వెళ్లిపోతున్న వాళ్లకి, కంపెనీలో నిర్ణయాలు చేసే యజమానికి ఇది వర్తించదు. 85 శాతానికి మించిన తగ్గింపు నాలుగు నెలలకి మించి కుదరదు, అంటే షట్టర్ దించేసి కూర్చుందాం అంటే ఒప్పుకోరు.

చట్టం ప్రకారం రెండేళ్లలో 12 నెలలు. దాన్ని 18కి, 2025 ఆఖర్లో 24కి పెంచారు. ఆ పెంపే చెప్తోంది ఇది ఒక్క సీజను జబ్బు కాదని.

ఏజెన్సీ కార్మికులకి ఈ రక్షణ లేదు. మొదటి 3 నెలల్లో వాళ్లకి నోటీసు రెండు రోజులు, ఆ తర్వాత ఆరో నెల దాకా ఏడు రోజులు. అందుకే మొదట ఖాళీ అయ్యేది వాళ్ల బల్లలే. ఇక వార్తల సంగతంటారా, 20కి మించి, 100కి లోపు మంది ఉన్న కంపెనీ 30 రోజుల్లో కనీసం 10 మందిని తీసేస్తేనే సామూహిక తొలగింపు కింద సంప్రదింపులు తప్పనిసరి. పన్నెండు మంది ఉన్న షాపు నలుగురిని పంపితే పేపర్లో రాదు. మీరు చూసే వార్తలు పెద్ద కంపెనీలవే, దెబ్బ తిన్నవాళ్లలో చిన్నవాళ్లు లెక్కలోకే రారు.

సరిహద్దు కార్మికుల గురించి రెండు మాటలు. ఫ్రాన్స్‌లోని మోర్తో, విలే-ల-లాక్ వైపు నుంచి పొద్దున్నే సరిహద్దులోని కోల్-దె-రోష్ దగ్గర బారులు తీరే కార్లన్నీ వాళ్లవే. వాళ్లకి ఇచ్చేది జీ పర్మిట్, వారానికి ఒకసారైనా ఇంటికి చేరాలి. 1983 ఒప్పందం వల్ల నూషాటెల్, జూరా, బెర్న్, వో లాంటి కాంటన్లలో పనిచేసే వాళ్లు ఆదాయపు పన్ను ఫ్రాన్స్‌లోనే కడతారు. ఫ్రాన్స్ ఆ జీతాల మొత్తంలో 4.5 శాతం స్విట్జర్లాండ్‌కి ఇస్తుంది. జెనీవా లెక్క వేరు. పాక్షిక పనిలో ఉంటే పరిహారం స్విట్జర్లాండ్ ఇస్తుంది, ఉద్యోగం పూర్తిగా పోతే భృతి ఫ్రాన్స్‌లో అడగాలి. జీతాల నేల మాత్రం గట్టిది. కాంటన్ కనీస వేతనం మొదట అమల్లోకి తెచ్చింది నూషాటెల్, 2017లో, గంటకి 20 ఫ్రాంకుల చొప్పున. ఇప్పుడు 21 దాటింది.

కొలబద్ద:

నిబంధనరావు గారూ, ఆ నగదు విషయం నాకు తట్టనే లేదు. అమెరికా సుంకం, ఫ్రాంకు బలం సబ్‌కాంట్రాక్టరు దాకా వస్తాయా? అతను ఫ్రాంకుల్లో ఖర్చుపెట్టి ఫ్రాంకుల్లోనే బిల్లు వేస్తాడు కదా. పైగా అందరూ వైద్య పరికరాల వైపు మళ్లండి అంటుంటారు, అది నిజంగా కుదిరే పనేనా?

లెక్కలపిచ్చి:

బిల్లు ఫ్రాంకుల్లోనే, బేరం మాత్రం డాలర్లలో. బ్రాండు డాలర్లు, యువాన్లు సంపాదించి ఫ్రాంకుల్లో జీతాలిస్తుంది. ఫ్రాంకు పెరిగిన ప్రతిసారీ దాని లాభం సన్నబడి, సప్లయర్ల నుంచి తగ్గింపు అడుగుతుంది. 2015 జనవరి 15న యూరో 1.20 ఫ్రాంకుల కన్నా పడకుండా పెట్టిన అడ్డుకట్టని స్విస్ జాతీయ బ్యాంకు తీసేసిన రోజునే యూరో ఒక ఫ్రాంకు దరిదాపులకి పడింది. ఆ తర్వాత ధర తగ్గించమంటూ వచ్చిన ఉత్తరాలన్నీ సబ్‌కాంట్రాక్టర్లకే.

సుంకం సంగతి. 2025 ఏప్రిల్‌లో 31 శాతం అన్నారు, వాయిదా వేశారు, ఆగస్టు 7 నుంచి 39 శాతం వేశారు, నవంబర్‌లో 15కి దించారు. సుంకం పడేది దుకాణం ధర మీద కాదు, కస్టమ్స్‌కి చూపిన దిగుమతి విలువ మీద. 2,000 ఫ్రాంకుల విలువ చూపిన వాచీకి 39 శాతం అంటే 780, 15 శాతం అంటే 300. కానీ వర్క్‌షాపుకి శాతం కన్నా తేదీలే ఎక్కువ హాని చేశాయి. ఏప్రిల్‌లో అమెరికాకి పంపిన సరుకు అంతకు ముందు ఏప్రిల్‌కి రెట్టింపు దాటింది, సెప్టెంబర్‌లో సగం కన్నా కిందికి పడింది. ముందుగా తోసేసిన ఆ సరుకంతా అట్లాంటిక్ అవతల స్టాకుగా కూర్చుంది. పై లెక్కలో 6 నెలల స్టాకుని 8 చేసి, మళ్లీ 5కి దించి చూడండి, ఇరుసు చేసేవాడి వరస తెలుస్తుంది.

ఈ రోజుల్ని 1970ల క్వార్ట్జ్ దెబ్బతో, అంటే బ్యాటరీ వాచీలు వచ్చి మర వాచీల్ని పడగొట్టిన రోజులతో, పోల్చడం మాత్రం నాకు నచ్చదు. అప్పుడు 90,000 ఉద్యోగాలు పదిహేనేళ్లలో 30,000 దరిదాపులకి పడ్డాయి, ఎందుకంటే వస్తువే మారింది. ఇప్పుడు దాదాపు 65,000 మంది పనిచేస్తున్నారు, వస్తువు అలాగే ఉంది, ఆర్డర్ల ఎగుడుదిగుడే సమస్య.

ఇరుసుమొన:

అక్కడ మీతో ఏకీభవించను లెక్కలపిచ్చి గారూ. ముక్కల సంఖ్య 2011 నుంచి సగమైందని మీరే అన్నారు. ఎగుడుదిగుడైతే మళ్లీ లేవాలి కదా. 500 ఫ్రాంకుల లోపు వాచీల పెద్ద ఆర్డర్లు మళ్లీ రావు, వాటి మీద ఆధారపడ్డ లేత్‌లకి ఇది క్వార్ట్జ్ లాంటిదే.

వైద్య రంగం విషయానికొస్తే, మిషన్ కుదురుతుంది, మిగతాదే కుదరదు. ఎముక మరలూ దంత ఇంప్లాంట్లూ అదే స్లైడింగ్ హెడ్‌స్టాక్ మీద తిరుగుతాయి. కానీ లోహం టైటానియం. దాని సన్నటి రజను అంటుకుంటే ఆర్పడం కష్టం, నూనె పొగ లాగే ఏర్పాటూ మంటలార్పే ఏర్పాటూ మిషన్‌కే ఉండాలి. సీసం ఉన్న 20ఏపీ, ఇత్తడి తిప్పిన నూనెలోనే ఇంప్లాంటు తిప్పితే అనుమతి రాదు, కాబట్టి మిషన్లని, నూనె ట్యాంకుల్ని, కడిగే లైన్‌ని విడిగా పెట్టాలి. వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 13485 కావాలి. ఏ కడ్డీ, ఏ పోత, ఏ మిషన్, ఏ రోజు అన్నది ఒక్కో లాటుకి రాసి ఉండాలి. కడిగాక మిగిలిన మలినం ఎంతో పరీక్షించి నిరూపించాలి. ఎక్కువమంది బోల్తాపడేది కోతలో కాదు, కడగడంలోనూ కాగితాల్లోనూ. మొదటి ఆర్డరు వచ్చేసరికి ఏడాదిన్నర గడవడం వింతేమీ కాదు. ఆర్డర్లు ఎండిపోయాక మొదలుపెడితే చేతిలో డబ్బు ఉండదు.

2021 మే నుంచి యూరోపియన్ యూనియన్, స్విస్ వైద్య పరికరాల అనుమతుల్ని తనవిగా గుర్తించడం మానేసింది. అది పరికరం పేరు మీద అమ్మే కంపెనీ తలనొప్పి. ముక్క మాత్రమే చేసిచ్చే షాపుకి నేరుగా తగలదు.

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. వాటా కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఒక్క కస్టమర్ వాటా ఎంత అని. 40 శాతం దాటితే అది కంపెనీ కాదు, ఆ బ్రాండు గోడ బయట కట్టిన గది. తర్వాత మిషన్ల జాబితాలో ఏది సొంతం, ఏది లీజు, ఏ ఏడాది కొన్నారు. 2022, 2023 లీజులు బరువుగా ఉంటాయి. కంప్యూటరు లేకుండా క్యామ్ బిళ్లలతో నడిచే పాత లేత్‌లు ఉంటే ముఖం తిప్పుకోకండి. వాటి అప్పు ఎప్పుడో తీరింది, ఒకే మరని లక్షల్లో చేయడానికి ఇప్పటికీ అవే చవక. కాకపోతే వాటిని సర్దగలిగిన మనిషి వయసు అడగండి. 61 అయితే మిషన్ ధరని తుక్కు ధర కింద లెక్కేసుకోండి.

ఆర్డరు ఇచ్చేవాళ్లకైతే వేరే. వేడి పని, పాలిష్ ఎవరి దగ్గర చేయిస్తున్నారు, వాళ్లకి ప్రత్యామ్నాయం ఎవరు అని రాతపూర్వకంగా తీసుకోండి. స్విస్ మేడ్ ముద్ర కావాలంటే 2017 నుంచి వాచీ తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో పడాలి. మూవ్‌మెంట్ అక్కడ బిగించాలి, కేసులో అక్కడే పెట్టాలి, చివరి తనిఖీ అక్కడే. ప్యాకింగ్, రవాణా, ప్రచారం ఆ లెక్కలో రావు. ముక్క ఏ దేశంలో ఎంత ఖర్చుతో అయ్యిందో సప్లయర్ నుంచి కాగితం ముందే తీసుకోకపోతే, తర్వాత అడిగినప్పుడు వెనకటి తేదీతో రాసిస్తారు.

కొత్త సప్లయర్లని వెతకడానికి జెనీవాలో జూన్‌లో జరిగే ఈపీహెచ్‌జే ప్రదర్శన, సరి సంవత్సరాల్లో ముటియేలో జరిగే సియామ్స్ చాలు. రెండో దాంట్లో లేత్ వాళ్లే ఎక్కువ, అట్టహాసం తక్కువ.

నిబంధనరావు:

ముటియే పేరొచ్చింది కాబట్టి. 2021 ఓటు ప్రకారం ఆ ఊరు 2026 జనవరి 1 నుంచి బెర్న్ కాంటన్ వదిలి జూరా కాంటన్‌లో చేరింది. అక్కడి వర్క్‌షాపులు ఆర్‌హెచ్‌టీ నోటీసు ఇప్పుడు జూరా కార్యాలయానికి పంపాలి, పాత ఫారాల మీద బెర్న్ చిరునామా ఉండిపోతే ఆ 10 రోజుల గడువు దారిలోనే కరిగిపోతుంది.